నేతపటానికి నునుపు అంచు తగునా?

యాదగిరిగుట్టమీది లక్ష్మీనరసింహస్వామి ఆలయం నల్లరాతితో పునర్నిర్మాణమై 2022 మార్చి 28న తిరిగి తెరచుకొన్నది. గుట్టకు వచ్చే జనంలో వాహనాలమీద పైకి పోయేవారే ఎక్కువ. అయినా మ్రొక్కు ఉన్నవారు మెట్లదారినే ఎక్కుతారు. ఏ గుట్టమీదనైనా మెట్ల వరుసను దూరంగా, ప్రక్కవాటుగా నిలబడి చూడండి. అది ఒక ఏటవాలు గీత. దగ్గరకు పోయి చూస్తే గీత అనేది లేదు. ఒక అడుగు అడ్డం, ఒక అడుగు నిలువు, మళ్లీ అడ్డం, మళ్లీ నిలువు. కంటికి వాలు కనబడినచోట కాలికి మెట్లు ఉన్నవి. రెండూ నిజమే. చూచేవాడికి వాలు అందం, ఎక్కేవాడికి మెట్టు ఆధారం. చూపుకు గరుకుగా ఉన్నదని ఎవరైనా ఆ మెట్ల మూలలను సున్నంతో పూడ్చి నునుపు చేసినారనుకోండి. దూరాన నిలబడినవాడు మెచ్చుకుంటాడు. ఎక్కేవాడు జారిపడతాడు.

ఈనాటి నా ప్రసంగవిషయం ఇంచుమించు ఇదే. కంప్యూటరుమీద బొమ్మలు గీచే సాధనాలు మెట్ల మూలలను పూడ్చే ఈ పనిని మనలను అడగకుండానే చేసిపెడుతూ ఉంటవి. దానిని యాంటీ ఏలియసింగ్ అంటారు. మనం అంచుల నునుపు అని చెప్పుకొందాము. ఈ నునుపును ఎక్కడ ఉంచవలె, ఎక్కడ ఆపవలె అన్నది కేవలం చిత్రకారుల ముచ్చట అని అనుకోవచ్చును. కాని గుట్ట ఉన్న ఈ యాదాద్రి భువనగిరి జిల్లాలోనే, పోచంపల్లిలో, పుట్టపాకలో, కొయ్యలగూడెంలో చిటికి నేసే ఇళ్లలో అది నూలుతో, పట్టుతో, రెక్కల కష్టంతో ముడిపడిన ప్రశ్న. ఎట్లా ముడిపడినదో మనవి చేస్తాను.

ముందు కంప్యూటరు బొమ్మ అంటే ఏమిటో చూద్దాము. మన బడిలో లెక్కలకు గళ్లకాగితం వాడుకొన్నాము గదా. కంప్యూటరు తెర అటువంటి గళ్లకాగితమే. ఒక్కొక్క గడినీ పిక్సెల్ అంటారు. 1957లో అమెరికాలో, నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ అనే ప్రభుత్వసంస్థలో రస్సెల్ కిర్ష్ అనే శాస్త్రజ్ఞుడు మూడు నెలల వయసుగల తన కుమారుని ఫొటోను యంత్రంచేత చదివించి మొట్టమొదటిసారిగా కంప్యూటరులోకి ఎక్కించినాడు. ఆ బొమ్మ అడ్డం 176 గళ్లు, నిలువు 176 గళ్లు. మొత్తం 30,976 గళ్లు. పసివాని బుగ్గ గుండ్రనిది. గడి నలుపలకలది. గుండ్రని బుగ్గను నలుపలకల గళ్లతో పేర్చినప్పుడు అంచున మెట్లు ఏర్పడక తప్పదు. గళ్లను అలా నలుపలకలుగా ఎన్నుకోవడం తెలివితక్కువ అయినదని ఆయనే తన పెద్దతనంలో ఒప్పుకొన్నాడు. కాని అప్పటికే ప్రపంచమంతా ఆ గళ్లకు అలవాటుపడినది.

ఈ మెట్లను దాచడానికి పుట్టిన ఉపాయమే అంచుల నునుపు. ఎర్రని బొమ్మ అంచు తెల్లని నేలమీద ఒక గడిని అడ్డంగా కోసుకొని పోయినదనుకోండి. ఆ గడిలో నూటికి 40 పాళ్లు ఎరుపు, 60 పాళ్లు తెలుపు పడినవి. అప్పుడు కంప్యూటరు ఆ గడిని ఎరుపూ చేయదు, తెలుపూ చేయదు. 40 పాళ్ల ఎరుపును 60 పాళ్ల తెలుపులో కలిపి, ఆ గడినిండా గులాబిరంగు పూస్తుంది. ప్రక్క గడిలో 70 పాళ్లు ఎరుపు పడితే అక్కడ మరికొంత ముదురు గులాబి. ఈ నడిమి రంగులను మన కన్ను విడివిడిగా చూడలేదు. అన్నిటినీ కలిపి ఒక నునుపైన అంచుగా చదువుకొంటుంది. కంటిని మోసగించడమే అయినా ఇది మంచి మోసం.

ఏలియసింగ్ అనే మాటలో అలియాస్ ఉన్నది. కోర్టు కాగితాలలో ఒక మనిషికి రెండు పేర్లున్నప్పుడు నడుమ వ్రాసే అలియాస్ అనే మాటే ఇది. అనగా మారుపేరు, మారువేషం. సినిమాలో గుర్రపుబండి ముందుకు పరుగెత్తుతూ ఉంటే చక్రం వెనుకకు తిరుగుతున్నట్లు కనబడడం మీరు చూచే ఉంటారు. సెకనుకు 24 బొమ్మలు మాత్రమే తీసే కెమెరా వేగంగా తిరిగే చక్రాన్ని సరిగా పట్టుకోలేక, దానికి వేరొక గమనాన్ని అంటగట్టినది. అది చక్రపు మారువేషం. శబ్దంలోనూ ఇదే చిక్కు ఉన్నది. శబ్దాన్ని అంకెలుగా మార్చే ముందు, ఆ అంకెలలో ఇమడని మరీ సన్నని స్వరాలను వడకట్టకపోతే అవి వేరే స్వరాలుగా మారి పాటలో చొరబడతవి. కనుక రేడియోలో పనిచేసే మాబోటివారికి ఈ మారువేషాలు కొత్త కావు. బొమ్మలలో ఈ చిక్కు ఎందుకు వస్తుందో, దానిని ఎట్లా తప్పించవలెనో వివరిస్తూ 1977లో ఫ్రాంక్లిన్ క్రో అనే శాస్త్రజ్ఞుడు ప్రకటించిన వ్యాసం ఈ విద్యలో ఒక మైలురాయి.

అంచుల నునుపును నేను నిందించబోవడం లేదు. ముఖ్యంగా తెలుగువారు దానికి ఋణపడి ఉన్నారు. మన అక్షరాలు వంపులమయం. తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం, క్రింద మళ్లీ వత్తు. చిన్న తెరమీద, కొద్దిపాటి గళ్లలో, నునుపు లేకుండా ఈ వంపులను పేర్చితే ‘మ’కూ ‘య’కూ తేడా తెలియక కళ్లు నొప్పిపుడతవి. నేడు చేతిలోని ఫోనుమీద తెలుగు పత్రికను హాయిగా చదువుకొంటున్నామంటే అందులో ఈ నునుపు పాలు కొంత ఉన్నది. చూచుటకు మాత్రమే ఉద్దేశించిన బొమ్మకు నునుపు మేలు చేస్తుంది. మరి చేయుటకు ఉద్దేశించిన బొమ్మ సంగతి ఏమిటి? అక్కడ కథ మారుతుంది.

చిటికి నేత సంగతి మీలో చాలామందికి తెలుసు. ఇక్కత్తు అని ప్రపంచం పిలిచేది దీనినే. మామూలు చీరెకు నేసేటప్పుడు పూవు పుడుతుంది. అద్దకం చీరెకు నేసిన తరువాత పూవు పడుతుంది. చిటికిలో మాత్రం నేయకముందే, నూలు నూలుగా ఉన్నప్పుడే పూవు ఉన్నది. మొదట గళ్లకాగితంమీద బొమ్మ గీస్తారు. దానినిబట్టి పోగులను గుంపులు గుంపులుగా సాగదీసి, ఏ గుంపులో ఏ మేరకు రంగు అంటకూడదో ఆ మేరకు రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. ముంచుతారు, ఆరబెడతారు, కట్లు విప్పుతారు. మరొక రంగుకు మళ్లీ కడతారు. తెల్లగా ఉండవలసినచోట కట్టి ఎరుపులో ముంచి, ఎర్రగా నిలువవలసినచోట కట్టి నలుపులో ముంచుతారు. చిట్టచివరకు ఆ పోగులు వరుస తప్పకుండా మగ్గంమీదికి వచ్చినప్పుడు ఏనుగో, చిలుకో, పూలతీగెయో గుడ్డమీద మేలుకొంటుంది.

పోచంపల్లి ఇక్కత్తుకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించినది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో లభించినది. తేలియా రుమాలుకు పుట్టినిల్లు చీరాల అయితే, పుట్టపాక దానిని చేరదీసి పెంచిన ఊరు. పడుగునూ పేకనూ రెంటినీ కట్టి రంగు వేసి, ఒకదాని గుర్తుమీద మరొకదాని గుర్తు సరిగా కూర్చునేట్లు నేయడం ఇందులోని గొప్ప. నూనెలో ఊరిన నూలు కనుక తేలియా అన్నారు. రంగులు మూడే. ఎరుపు, నలుపు, తెలుపు. ఆ ఊరి గజం గోవర్ధన 2011లోను, గజం అంజయ్య 2013లోను ఈ విద్యకే పద్మశ్రీలు అందుకొన్నారు.

మూడే రంగులు అన్న సంగతి దయచేసి గుర్తుంచుకోండి. కంప్యూటరు చేయగల రంగులు 1,67,77,216. ఎరుపు, పచ్చ, నీలము అనే మూడు కాంతులను ఒక్కొక్కదానిని 256 మెట్లుగా విభజించి కలిపితే వచ్చే లెక్క ఇది. ఒక ప్రక్క కోటీ అరువదేడు లక్షల రంగులు. మరొక ప్రక్క మూడు గిన్నెలు. ఈ రెండూ ఎదురుపడిన చోట నేనొకసారి ఉండడం తటస్థించినది.

పుట్టపాకలో ఒక నేతగాని ఇల్లు. తండ్రి నలుబది ఏండ్లుగా చిటికి కడుతున్నవాడు. కుమారుడు హైదరాబాదులో కంప్యూటరు నేర్చుకొని ఇంటికి వచ్చి, తాతలనాటి గళ్లకాగితాలను కంప్యూటరులోకి ఎక్కించే పని తలపెట్టినాడు. మంచి ప్రయత్నం. ఆ కాగితాలు చెదలు పట్టిపోతున్నవి, మడతల దగ్గర చిరిగిపోతున్నవి. అతడు కొత్తగా ఒక ఏనుగును గీచి తెరమీద చూపించినాడు. ఎర్రని ఏనుగు, నల్లని అంబారీ, తెల్లని నేల. తొండపు వంపు నిజంగా ముచ్చటగా ఉన్నది. నేను మెచ్చుకొన్నాను. తండ్రి ఏమీ అనలేదు. పెద్దది చేసి చూపమన్నాడు. గళ్లు కనబడేటంతగా బొమ్మను పెంచినప్పుడు తొండం అంచునిండా లేత గులాబి, ముదురు గులాబి గళ్లు; అంబారీ అంచునిండా ఎరుపూ కాని నలుపూ కాని గోధుమరంగు గళ్లు. పెద్దాయన వేలితో ఒక గడిని చూపించి, “ఈ రంగు గిన్నె ఏడున్నది బిడ్డా?” అని అడిగినాడు. కుమారుడు నవ్వి, “అది చూపుకే నాయినా, నువ్వు కట్టేటప్పుడు ఏదో ఒకటి అనుకో” అన్నాడు. “ఎర్రదా తెల్లదా నువ్వు చెప్పాలె. నడుమ ఉన్నదాన్ని నేనేడ గట్టాలె?” అన్నాడు తండ్రి.

ఆ ఒక్క ప్రశ్నలో మొత్తం విషయమున్నది. కట్టు అన్నది ఉంటుంది, లేదా ఉండదు. 40 పాళ్ల కట్టు లేదు. ఆ గడిని ఎవరో ఒకరు ఎరుపని గాని తెలుపని గాని నిర్ణయించవలె. బొమ్మ గీచినవాడు నిర్ణయించలేదు. కంప్యూటరు నిర్ణయించలేదు, గులాబి పూసి తప్పుకొన్నది. నిర్ణయం ఒక్కొక్క మెట్టే దిగి, చివరకు నేలమీద కూర్చుని కడుతున్న మనిషి వేళ్లమీదికి వచ్చినది. అతడు ఎడమవైపు తొండానికి ఒకవిధంగా, కుడివైపు తొండానికి ఒకవిధంగా నిర్ణయిస్తే ఏనుగులు జంట కుదరవు. ఉదయం ఒకవిధంగా, దీపంవెలుగులో మరొకవిధంగా నిర్ణయిస్తే అంచు వంకరపోతుంది. ఆ తప్పు అప్పుడు కనబడదు. కట్టినప్పుడు కనబడదు, ముంచినప్పుడు కనబడదు. మగ్గంమీద గుడ్డ దిగుతున్నప్పుడు కనబడుతుంది. కంప్యూటరుమీద చేసిన తప్పును ఒక మీట నొక్కి వెనుకకు తీసుకోవచ్చును. రంగుగిన్నెలో ముంచిన నూలును వెనుకకు తీసుకునే మీట ఎక్కడా లేదు.

ఆ నూలు వెనుక ఎంత శ్రమ ఉన్నదో చెప్పడానికి మరొక సంగతి. చిటికి కట్టకముందు పేక పోగును ఆసుమీద పోయవలె. అర్ధచంద్రాకారంలో నిలిపిన మేకులమీదికి చేయి చాచి, వెనుకకు తెచ్చి, మళ్లీ చాచి, పోగును వరుసగా పేర్చడం ఆసు పోయడం. ఒక్క పట్టుచీరెకు చేయి సుమారు 9,000 సార్లు ఇట్లా ఆడవలెనని చెబుతారు. ఈ పని ఇళ్లలో ఆడవారిదే. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మమ్మ భుజాల నొప్పి చూడలేక, ఏళ్లతరబడి పాటుపడి, 1999లో ఆసుయంత్రాన్ని సాధించినాడు. దానికి తల్లి పేరే పెట్టినాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. ఒక కుమారుడు తల్లి చేతులకు విశ్రాంతి ఇవ్వడానికి యంత్రం చేసిన ప్రాంతమిది. ఇక్కడ మరొక యంత్రం తండ్రి వేళ్లమీద కొత్త బరువు మోపడం న్యాయం కాదు గదా.

అయితే ఏమి చేయవలె? చిత్రం వేసే సాధనాలలో ఈ నునుపును ఆపే వీలు ఉన్నది. అది ఒకచోట కాదు, నాలుగైదు చోట్ల దాగి ఉంటుంది. ఒకచోట ఆపి మరొకచోట మరచిపోతే ప్రయోజనం లేదు. గింప్ అనే ఉచిత సాధనంలోను, ఫొటోషాప్‌లోను పద్ధతి ఇంచుమించు ఒకటే కాబట్టి రెంటికీ కలిపి చెబుతాను.

మొదటిది, గీచే కలం. కుంచె గుర్తు ఉన్నది ఎంత గట్టిగా గీచినా అంచును మెత్తబరుస్తుంది. దానికి బదులు పెన్సిలు గుర్తు ఉన్నదానిని తీసుకోవలె. పెన్సిలు గడిని నింపుతుంది, లేదా వదులుతుంది. నడిమిమార్గం ఎరుగదు.

రెండవది, ఎంపిక. గుండ్రంగానో, చేతివాటంగానో కొంత భాగాన్ని చుట్టి ఎన్నుకొనేటప్పుడు ఆ పనిముట్టు ఐచ్ఛికాలలో యాంటీ ఏలియసింగ్ అని ఒక చిన్న పెట్టె, అందులో టిక్కుగుర్తు ఉంటవి. ఆ టిక్కు తీసివేయవలె. ప్రక్కనే ఫెదర్ అనేది ఉంటే దానిని కూడ సున్న చేయవలె. రంగు నింపే బొక్కెన గుర్తుకూ, అక్షరాలు వ్రాసే పనిముట్టుకూ ఇటువంటి టిక్కే వేరుగా ఉంటుంది. నునుపు అంచుగల బొమ్మలో బొక్కెనతో రంగు మార్చి చూడండి. లోపలంతా మారుతుంది గాని, అంచున పాత రంగు ఒక చారికవలె మిగిలిపోతుంది. నునుపు ఇంకా ఉన్నదని తెలిపే గుర్తు అది.

మూడవది, కొలత మార్చడం. బొమ్మను పెంచినా, తగ్గించినా, త్రిప్పినా కంప్యూటరు మళ్లీ రంగులు కలుపుతుంది. గింప్‌లో ఇంటర్‌పొలేషన్ అనేచోట నన్ అనీ, ఫొటోషాప్‌లో నియరెస్ట్ నైబర్ అనీ ఎన్నుకోవలె. పెంచడం కూడ రెండింతలు, మూడింతలుగా పెంచవలె గాని ఒకటిన్నర ఇంతలు పెంచితే కొన్ని గళ్లు లావుగా, కొన్ని సన్నంగా వస్తవి.

నాలుగవది, రంగుల పట్టిక. బొమ్మను ఇండెక్స్‌డ్ అనే రీతికి మార్చి, పట్టికలో మనకు ఉన్న రంగులను మాత్రమే ఉంచవచ్చును. తేలియా రుమాలు అయితే మూడు. పట్టికలో లేని గులాబిని కంప్యూటరు వేయాలన్నా వేయలేదు. ఇదివరకే నునుపు పడిన పాత బొమ్మలను సరిచేయడానికి కూడ ఇదే దారి. కాని అట్లా మార్చేటప్పుడు డితరింగ్ అనేదానిని తప్పక ఆపవలె. లేకపోతే గులాబికి బదులు ఎరుపు, తెలుపు గళ్లను చుక్కలు చుక్కలుగా చల్లుతుంది. అది కట్టేవానికి మరింత కష్టం.

అయిదవది, దాచడం, పంపడం. జేపెగ్ రీతిలో దాచితే బొమ్మ చిన్నదవుతుంది గాని, అంచుల దగ్గర మళ్లీ రంగులు చెదరుతవి. పీఎన్‌జీ రీతిలో దాచవలె. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే దారిలో అది నలుగుతుంది. డాక్యుమెంటుగా పంపితే గీచినది గీచినట్లే చేరుతుంది.

ఇన్ని చేసిన తరువాత తెరమీద బొమ్మ ఎట్లా ఉంటుంది? ముందటికంటె వికారంగా ఉంటుంది. ఇది దాచడం మంచిది కాదు. ఏనుగు తొండం పళ్లు పడిన రంపంవలె కనబడుతుంది. ఇక్కడే చాలామంది జంకి, ఆ టిక్కును మళ్లీ పెట్టుకొంటారు. నిజానికి అసలు పని ఇక్కడే మొదలవుతుంది. ఇంతవరకు నునుపు దాచిపెట్టిన తప్పులన్నీ ఇప్పుడు కనబడుతున్నవి. వాటిని ఒక్కొక్కటిగా దిద్దవలె.

ఏటవాలు గీతను మెట్లుగా పేర్చడంలో ఒక క్రమమున్నది. రెండు గళ్లు అడ్డం పోయి ఒక గడి పైకి ఎక్కే వాలు అయితే ప్రతి మెట్టూ రెండు గళ్లే. ఏడు గళ్లు అడ్డంగా పోయేసరికి మూడు గళ్లు ఎక్కవలెనంటే 2, 2, 3 అని పేర్చవలె. పిమ్మట మళ్లీ 2, 2, 3. అంతేగాని 1, 4, 2 అని పేర్చితే గీత కుంటుతుంది. 1962లో ఐబీఎం సంస్థలో పనిచేస్తున్న జాక్ బ్రెసెన్‌హామ్ ఈ పేర్పును యంత్రంచేత చేయించడానికి ఒక లెక్క కనిపెట్టినాడు. 1965లో అది ప్రకటితమైనది. ప్రతి అడుగులోను అసలు గీతకు ఏ గడి దగ్గరగా ఉన్నదో కేవలం కూడికలతో, తీసివేతలతో తేల్చి, ఆ గడిని ఎన్నుకొని ముందుకు పోవడమే ఆ లెక్క. నునుపు చేయడం కాదు, నిర్ణయించడం. నేతయిండ్లలో గళ్లకాగితం ముందు కూర్చొని పెద్దలు వేళ్లమీద లెక్కపెట్టి చేసేదీ అటువంటి నిర్ణయమే. వంపులో మెట్లు 4, 3, 2, 1, 1 అని క్రమంగా తగ్గితే కన్ను దానిని వంపుగానే చదువుతుంది. ఒంటరిగా బయటికి పొడుచుకొని వచ్చిన గడి ఒక్కటి ఉన్నా కన్ను అక్కడ తట్టుకొంటుంది.

మరి గుడ్డమీద కూడ ఈ రంపపుపళ్లే కనబడతవా అని మీరు అడుగవచ్చును. కనబడవు. చిటికిలోని ఆశ్చర్యం ఇదే. పట్టీ ఎంత బిగించి కట్టినా దాని అంచు క్రిందికి రంగు కొద్దిగా ప్రాకుతుంది. పోగు మగ్గంమీద పడేటప్పుడు వెంట్రుకవాసి ఇటో అటో జరుగుతుంది. ఆ ప్రాకుడువల్ల, ఆ జరుగుడువల్ల కాగితంమీద మెట్లుగా ఉన్న అంచు గుడ్డమీద దీపశిఖవలె కొద్దిగా వణుకుతుంది. పోచంపల్లి చీరెకు ఆ శోభ అక్కడినుంచే వచ్చినది. అంటే చిటికికి తనదైన నునుపు ఉన్నది. దానిని నీరు, రంగు, పోగు కలిసి చేస్తవి. కాగితంమీదనే ముందుగా నునుపు చేసి ఇస్తే, ఆ మసకకు ఈ మసక తోడై బొమ్మ అలుక్కుపోతుంది. కాగితం ఖండితంగా ఉంటేనే గుడ్డ సుకుమారంగా ఉంటుంది.

ఈ సంగతి మీ ఇంటిలోనే పరీక్షించవచ్చును. పెట్టెలో ఉన్న చిటికి చీరెను తీసి వెలుగులో పరచి, భూతద్దంతో పూవు అంచును చూడండి. పోగులు ఒకటి ముందుకు, ఒకటి వెనుకకు జరిగి ఉంటవి. చీరెను తిరగవేయండి. పోగే రంగు త్రాగినది కనుక వెనుకవైపున కూడ బొమ్మ అంతే స్పష్టంగా ఉంటుంది. చిటికిని అనుకరించి ముద్రించిన చీరెలు బజారులో చౌకగా దొరుకుతున్నవి. వాటిమీద కూడ వణికే అంచు ఉంటుంది. కాని అది పోగు జరిగినందువల్ల వచ్చినది కాదు, వణుకును బొమ్మగీచి అచ్చువేసినది. సాధారణంగా వెనుకకు త్రిప్పితే రంగు వెలవెలపోతుంది. చూపుకు చేసిన నునుపుకూ, పనిలో పుట్టిన నునుపుకూ భేదం అక్కడ తెలిసిపోతుంది. ఆ భేదం తెలిసి కొనేవారు ఉంటేనే మగ్గం నిలుస్తుంది.

పుట్టపాక ఇంటిలో కథ ఎట్లా ముగిసినదో చెప్పి సెలవు తీసుకొంటాను. ఆ యువకుడు ఆ సాయంత్రమే టిక్కులన్నీ తీసి, పట్టికలో మూడు రంగులు ఉంచి, ఏనుగును మళ్లీ గీచినాడు. తండ్రి ప్రక్కన కూర్చొని గడి గడికీ “ఎరుపు, ఎరుపు, తెలుపు” అని చెప్పినాడు. మధ్యలో ఒకచోట కుమారుడు ఆగి, “ఇది ఎరుపైతే తొండం లావైతది నాయినా” అన్నాడు. పెద్దాయన కొంతసేపు చూచి, “అవునురా, తెలుపే పెట్టు” అన్నాడు. ఆ గడి ఇక ఎవరి వేళ్లమీదా బరువు మోపదు. కాగితం దగ్గరే తేలిపోయినది.

మనం చేసే పనులలో చూచేవారికోసం చేసేవి కొన్ని, చేసేవారికోసం చేసేవి కొన్ని ఉంటవి. పండుగ పత్రికకు, పెండ్లి శుభలేఖకు అంచులు నునుపుగా ఉండనివ్వండి. కాని మరొకరు దానిని చేతబట్టుకొని పని చేయవలసిన పటమైతే, అది నేతపటం గాని, ఇంటి కొలతల పటం గాని, ఆ టిక్కు తీసివేయండి. తేల్చవలసినది మనమే తేల్చి ఇద్దాము. గుట్ట ఎక్కేవానికి కావలసినది వాలు కాదు, మెట్టు.